రచన అంటే మాటలు మాత్రమేనా?

సంపాదకుల వారికి నమస్కారాలు.

కొత్త సినిమాలపై మీ పత్రిక ప్రచురించే సమీక్షల్లో రచయిత ప్రస్తావన సాధారణంగా చివరి పేరాలో, ‘మాటలు అక్కడక్కడా పేలాయి’ అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతోంది. కథనం బిగువుగా సాగితే ఘనత దర్శకుడికి దక్కి, రెండో సగం నీరసపడితే ‘కథలో పస లేదు’ అన్న నింద రచయితకు చేరడం నాకు చాలాకాలంగా మింగుడుపడని విషయం.

ఈమధ్య మా పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి ఒక సినిమా చూశాను. అందులో ఏళ్ల తర్వాత గుమ్మంలోకి వచ్చిన కొడుకును తల్లి పలకరించదు. పొయ్యి మీద ఉడుకుతున్న గంజిలో మరో చెంబెడు నీళ్లు పోస్తుంది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. పక్కనున్న నా పాత విద్యార్థి ‘డైరెక్టరు భలే తీశాడు మాస్టారూ’ అన్నాడు. తీసింది దర్శకుడే, కాదనను. అయితే ఆ ఇంట్లో గంజి ఉన్నవాళ్లకే చాలడం లేదని అరగంట ముందు మరో సన్నివేశంలో మనకు తెలియకపోయి ఉంటే ఆ చెంబెడు నీళ్లకు అర్థమే ఉండేది కాదు. ఏది ముందు తెలియాలి, ఏది దాచాలి, ఎవరు ఎక్కడ నోరు మెదపకూడదు అని నిర్ణయించే ఆ కూర్పే స్క్రీన్‌ప్లే. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పాటుపడిన ఊరు మాది కనుక మాట విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు గానీ, సినిమా రచనలో మాట చివరికి వచ్చే పని. ఆ దృశ్యం రాసినవారి పేరు కోసం మీ సమీక్షంతా వెతికాను, కనబడలేదు.

1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’కు స్క్రీన్‌ప్లే చక్రపాణిది, మాటలు డి.వి. నరసరాజువి, దర్శకత్వం కమలాకర కామేశ్వరరావుది. మూడు పనులకు మూడు పేర్లు. ఇప్పుడు ‘స్క్రీన్‌ప్లే–దర్శకత్వం’ అని ఒకే పేరు వేయడం రివాజైంది. నిజంగానే తామే రాసుకునే దర్శకులు లేకపోలేదు. కానీ నెలల తరబడి కథాచర్చల్లో కూర్చుని సన్నివేశాల వరస కట్టినవారు ‘రచనా సహకారం’ కింద పది పేర్ల నడుమ మిగిలిపోవడం న్యాయం కాదు. ఇది కీర్తికి మాత్రమే సంబంధించిన సంగతి కూడా కాదు. సినిమా హాళ్లలో ప్రదర్శన మినహా, టీవీ వంటి ఇతర మార్గాల్లో వచ్చే ఆదాయంలో రచయితకు రాయల్టీ హక్కు 2012 కాపీరైట్ చట్ట సవరణతో వచ్చింది. రాసింది తానేనని తెరమీద లేనివాడు ఆ హక్కును అడిగేదెలా?

కనుక సమీక్షలో నటీనటుల పేర్లతో పాటు స్క్రీన్‌ప్లే రచయిత పేరును విడిగా వేయించి, సన్నివేశాల అల్లిక ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో కనీసం రెండు వాక్యాలు రాయించగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా