మా విచారణ గుడి గోడలకు ఊపిరి పోసిన వారందరికీ కృతజ్ఞతలు

గడిచిన ఆదివారం ఉదయం, సరిగ్గా 14 నెలల తర్వాత, మా విచారణ (ఒక గురువు పరిధిలోని ఊళ్ళ కతోలిక సంఘం) గుడి, అంటే మా చర్చి, తలుపులు తెరిచి లోపల దివ్యబలిపూజ జరుపుకున్నాము. ఇన్నాళ్ళూ బడి వరండాలో, వాన జల్లు కొడితే గొడుగుల కింద పూజ విన్న పెద్దవాళ్ళు, ఆ ఉదయం చల్లని గచ్చు మీద మోకరిల్లి చాలాసేపు లేవలేదు. విచారణ సలహా సంఘం కార్యదర్శిగా ఈ కృతజ్ఞతలు రాసే పని నాకు అప్పగించారు. అప్పగించకపోయినా రాసేవాణ్ణే, ఎందుకంటే ఈ గుడి నిలబడటానికి చేయి వేసిన వారిలో సగానికి పైగా మా విచారణ వారు కారు, చాలామంది మా మతస్థులు కూడా కారు.

మా గుడిని చూడని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. విజయనగరం జిల్లా ఉత్తర భాగంలో, బొబ్బిలి దాటి ఏజెన్సీ కొండల వైపు వెళ్ళే దారిలో ఉన్న పాతకాలపు ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) చర్చి ఇది. పునాదికి ఈ చుట్టుపక్కల కొండల్లో దొరికే ఎర్రని ఖోండలైట్ రాయి, ఆపైన రెండు మూరల మందాన ఇటుక గోడ, కిటికీలన్నిటికీ పైన మొనదేలిన కమానులు, ఎండాకాలంలో వేడిగాలి బయటికి పోవడానికి చూరు కింద వరుసగా చిన్న గూళ్ళు, టేకు దూలాల మీద మంగళూరు పెంకులు. తూర్పు గోడకు ఆనించి పాత పెద్ద బలిపీఠం ఉంది. పూజ లాటిన్ భాషలో జరిగిన రోజుల్లో గురువుగారు జనం వైపు వీపు ఉంచి అక్కడే నిలబడి పూజ చేసేవారు. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువుగారు మా వైపు తిరిగారు, కొత్త పీఠం ముందుకు వచ్చింది. కాని మా పెద్దలు పాత పీఠాన్ని తీసివేయలేదు. దివ్యసత్ప్రసాద మందసం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పాన్ని భద్రపరచే పెట్టె, ఈనాటికీ దానిమీదనే ఉంది. పడమటి గుమ్మంలోంచి సాయంత్రపు ఎండ నేరుగా వచ్చి ఆ మందసం తలుపు మీద పడే పావుగంట సేపు, గుడిలో ఎవరున్నా మాట్లాడరు.

ఈ ప్రాంతంలో కతోలిక విశ్వాసం వేరూనడానికి కారణమైన గురువులు చాలా దూరం నుంచి వచ్చారు. ఆల్ప్స్ పర్వతాల దగ్గరి సవాయ్ సీమలో, ఆన్సీ పట్టణంలో, పీటర్ మరీ మెర్మియే గారు 1838లో పునీత ఫ్రాన్సిస్ దె సాల్ పేరున స్థాపించిన సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్నంలో అడుగుపెట్టారు. మూడేళ్ళకు, 1849లో, అదే ఆన్సీ నుంచి పునీత జోజప్ప సభ సిస్టర్లు యానాం చేరారు. 1886లో విశాఖపట్నం మేత్రాసనం, అంటే ఒక బిషప్పు పరిధి, అయింది. 1993 జూలై 1న శ్రీకాకుళం మేత్రాసనం దాని నుంచి వేరుపడి ఏర్పడగా మేము అందులోకి వచ్చాము. జిల్లాల గీతలు కూడా మారుతూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు మా పరిధిలోని కొన్ని కొండ పల్లెలు ఆ జిల్లాలోకి వెళ్ళాయి. అయినా ఆ పల్లెల వాళ్ళు పండుగకు నడిచి వచ్చేది మాత్రం మా గుడికే.

ఇక జరిగిన నష్టం సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పెంకులను ఎగరగొట్టింది. అప్పుడు పెంకులు మార్పించి, ఉబ్బిన గోడల మీద సున్నపు గార గీకి సిమెంటు పూత వేయించాము. గట్టి పని చేశామనుకున్నాము. ఆ తప్పు మాదే, సంఘంలో ఉన్న మాదే. మేస్త్రీలు మేము అడిగింది చేశారు. ఏడాది తిరగకముందే కింద రెండడుగుల మేర గోడ చెమ్మగిల్లడం మొదలైంది. ప్రతి వానాకాలం ఆ చెమ్మ ఒక జానెడు పైకెక్కింది, ఎండాకాలంలో అక్కడే తెల్లని ఉప్పు పొడి రాలింది. నిరుడు మే నెలాఖరున వచ్చిన గాలివాన రాత్రి, ఉత్తరపు గోడ మీద ఆనిన ఒక దూలం కొస పుచ్చిపోయి దిగబడి, దానికింద మంచమంత మేర పూత ఊడి పడింది. అది శనివారం రాత్రి. మర్నాడు ఉదయం సరిగ్గా ఆ చోటనే, మొదటి సత్ప్రసాదానికి సిద్ధపడుతున్న పిల్లలు చాపలు వేసుకుని కూర్చోవలసి ఉంది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

గుడి మూసివేశాక జరిగిన సమావేశాల్లో, దీన్ని పడగొట్టి స్లాబు వేసుకుందామన్న వారు తక్కువేమీ లేరు. వారిని నేను తప్పుపట్టను, పిల్లల ప్రాణం మీద భయంతో అన్నమాట అది. ఆ చర్చ మధ్యలో మా విచారణ గురువులు ఒక సాయంత్రం పాత జ్ఞానస్నానపు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరి ఇంటి పెద్దల పేరు వారిని వెతుక్కోమన్నారు. సిరా గోధుమరంగుకు తిరిగిన ఆ పేజీల్లో లాటిన్ మాటల మధ్య మా ముత్తాత పేరు నాకు కనిపించింది. పేరు వెనుక 'ఫీలియస్', అంటే కుమారుడు, ఆ వెనుక ఆయన తండ్రి పేరు, చివర గురువుగారి సంతకం పైన 'బాప్తిజావి', అంటే నేను జ్ఞానస్నానమిచ్చాను అని. గుమ్మం పక్కన ఇప్పటికీ ఉన్న ఆ రాతి తొట్టి దగ్గరే ఆ పసివాడి తల మీద నీళ్ళు పోసి ఉంటారు. ఆ రాత్రి తర్వాత పడగొట్టే మాట మా వాళ్ళెవరూ ఎత్తలేదు. కాని బాగుచేయడం ఎలాగో మాకెవరికీ తెలియదు.

అక్కడి నుంచి సహాయం రావడం మొదలైంది. విజయనగరంలో స్థిరపడిన ఒక విశ్రాంత ఇంజనీరు గారు, తన పేరు ఎక్కడా రాయవద్దని గట్టిగా కోరినందున రాయడం లేదు, సంగతి విని తానే బస్సెక్కి వచ్చారు. గంటసేపు గోడల వెంట తిరిగి, వేలితో తట్టి చూసి, భీమిలి వైపు నుంచి ఒక తాపీ మేస్త్రీని పిలిపించారు. డెబ్బై దాటిన ఆ మేస్త్రీ గారు సిమెంటు పూత మీద అరచెయ్యి ఆనించి అన్న మొదటి మాట ఇది: "ఈ గోడకి ఊపిరాడ్డం లేదు బావూ. ముందు ఈ సిమెంటు తీసెయ్యండి."

ఆయన చెప్పింది ఇంజనీరు గారు మాకు విడమరిచి చెప్పారు, దాన్ని ఇక్కడ రాస్తే ఇలాంటి పాత కట్టడాలున్న ఊళ్ళవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. పాత గోడలకు కింద తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నపు గార ఆ చెమ్మను గాలికి వదిలేస్తూ ఉంటుంది. అందుకే నూరేళ్ళ గోడ అయినా పొడిగా నిలుస్తుంది. సిమెంటు పూత ఇటుక కంటే గట్టిది, చెమ్మను బయటికి పోనివ్వదు. దారి మూసుకుపోయిన నీరు గోడలోనే నిలిచి, తనతో తెచ్చిన ఉప్పును ఇటుకలోనే గడ్డకట్టించి, ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తుంది. గోడలో కుదురుకున్న దూలాల కొసలను పుచ్చబెట్టేది కూడా ఆ నీరే. మేము గోడకు బలమనుకుని తొడిగిన తొడుగే దాన్ని తినేసింది.

మేస్త్రీ గారి పని నేను దగ్గరుండి చూశాను. గుల్లసున్నం తెప్పించి గోతిలో తడిపి, పైన ఎప్పుడూ నీళ్ళు నిలిచేలా చూస్తూ నెల రోజులు మాగబెట్టారు. జల్లించిన ఏటి ఇసుకతో కలిపి గానుగలో రుబ్బించారు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పాళ్ళు చూసి పోసేవారు. పాళ్ళు సరిపోయాయో లేదో ఆయన కొలతతో చూడరు, గార ముద్దను తాపీ మీద తీసుకుని తలకిందులు చేస్తారు, అది జారకుండా పట్టుకుని నిలిస్తే తల ఊపుతారు. ఒక పూత వేశాక దాని మీద రెండో పూత వేయడానికి మమ్మల్ని రోజుల తరబడి ఆగమన్నారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా తిరిగి రాయిగా మారాలి, తొందరపడి ఆరబెడితే పగులుతుంది. అందుకని ఎండ పొడలో గోడలకు తడి గోనెపట్టాలు వేలాడదీసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాటిని తడిపే పనిని మరియమాత పేరున ప్రార్థన, సేవ చేసే మా మరియదళం అక్కలు పంచుకున్నారు. చివరి పూతను నున్నని గులకరాయితో రుద్ది మెరుగు పెడుతున్నప్పుడు, ఆ రాయి గోడ మీద చేసే సన్నని చప్పుడు గుడంతా వినిపించేది.

సిమెంటు గీకే పని మాత్రం మా యువత చేశారు. ఉలులతో, చిన్న సుత్తులతో, కింది ఇటుక దెబ్బతినకుండా, ఒక వేసవి సెలవులన్నీ ఆ ధూళిలోనే గడిపిన ఆ పిల్లలందరికీ పేరు పేరునా వందనాలు.

పుచ్చిన దూలాన్ని మొత్తం మార్చనవసరం లేదని, కొస మూరన్నర మేర కోసి పాత టేకునే అతకవచ్చునని వడ్రంగులు చెప్పినప్పుడు, అంత పాత కర్ర ఎక్కడ దొరుకుతుందని వెతుకుతున్నాము. మా ఊరి కలప డిపో యజమాని, మసీదు కమిటీలో పెద్దమనిషి, పడగొట్టిన ఒక పాత ఇంటి నుంచి తాను కొని ఉంచుకున్న టేకు దూలాన్ని బండి మీద పంపించి, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "అది కూడా దేవుని ఇల్లే కదండీ" అన్నారు. రామాలయం కమిటీ వారు నిరుడు క్రిస్మస్ రాత్రి పూజకు తమ కల్యాణమండపం ఇచ్చి, తమ పాత్రలతోనే మా వాళ్ళకు వంట చేసుకోనిచ్చారు. వారి యువకులే రోడ్డు మీద నిలబడి వచ్చేవారికి దారి చూపారు. ఆ రాత్రి యేసు పుట్టిన పశువుల పాకను గుర్తుచేసే చిన్న పాకను మండపం మెట్ల మీద కట్టుకున్నాము.

గురువుగారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన పీట జాలీ, బలిపీఠం చుట్టూ ఉన్న చెక్క కటకటాల్లో విరిగిన తీగ చెక్కడాలు బాగుచేసినది బొబ్బిలి వీణలకు పేరుపడ్డ గొల్లపల్లి వడ్రంగి ఒకాయన. పనస మొద్దులోంచి వీణను ఏకాండంగా తొలిచే చేతులు అవి. పాత చెక్కడం ఏదో, ఆయన చెక్కినది ఏదో ఇప్పుడు నేను వేలు పెట్టి చూపలేను. బూడితి నుంచి వచ్చిన కంచరి కుటుంబం మా ఇత్తడి దీపస్తంభాల సొట్టలు తీసి, అరిగిపోయిన గంట నాలుకను మార్చింది. ఆ గంట మా ఊరికి గడియారం. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఆరింటికి రోజుకు మూడు వేళల మరియమాతకు చెప్పే త్రికాల జపం కోసం మూడేసి దెబ్బలు మూడుసార్లు మోగుతుంది. మధ్యాహ్నపు గంట విని చేలో కూలివాళ్ళు అన్నం మూట విప్పుతారు, వారిలో మా విచారణ వాళ్ళు కొందరే. గంట మోగని ఆ 14 నెలల్లో అందరికంటే ఎక్కువగా దాని గురించి అడిగింది వారే. పొందూరు నుంచి ఒక నేతకారుల కుటుంబం బలిపీఠానికి తెల్లని ఖద్దరు గుడ్డ నేసి పంపింది. వారికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాము.

డబ్బు విషయంలో విశాఖలో, హైదరాబాదులో, గల్ఫ్ దేశాల్లో ఉన్న మా విచారణ బిడ్డలు పెద్ద చేయి వేశారు. కొండ పల్లెల వారు డబ్బుకు బదులు చోళ్ళు (రాగులు), కందులు నెత్తిన పెట్టుకుని తెచ్చారు. పింఛను మీద బతికే ఒక మామ్మ 50 రూపాయల నోట్లు పది, కొంగు ముడి విప్పి ఇచ్చి, రసీదు అక్కర్లేదన్నది. ఆమెకూ రసీదు రాసి ఇచ్చాము. జమా ఖర్చుల లెక్క పైసాతో సహా గుమ్మం పక్కన బోర్డు మీద పెట్టాము, ఎవరైనా చూడవచ్చు, అడగవచ్చు.

పని ఇంకా మిగిలి ఉంది. దక్షిణపు వరండా పెంకులు దించి, కింది పట్టెలు మార్చాలి. వెనుక చెక్క మేడ మెట్లు బలపరచేవరకు గాయక బృందం కిందనే హార్మోనియం పెట్టుకుని కూర్చుంటుంది. వానాకాలం వెళ్ళాక ఆ పని మొదలుపెడతాము. సున్నం గోతిలో ఇప్పటికే మాగుతోంది.

మరియమాత మోక్షారోపణ పండుగకు ఆగస్టు 6వ తేదీ సాయంత్రం జెండా ఎత్తి నవదిన ప్రార్థనలు ప్రారంభిస్తున్నాము. 14వ తేదీ రాత్రి తేరు ఊరంతా తిరుగుతుంది, 15వ తేదీ ఉదయం పండుగ పూజ ముగిశాక గుడి ఆవరణలో జాతీయ జెండా ఎగరవేసి అందరికీ భోజనం పెడతాము. ఇక్కడ పేరు చెప్పినా చెప్పకపోయినా, చేయి వేసిన ప్రతి ఒక్కరూ కుటుంబంతో రావాలని విచారణ తరపున చేతులు జోడించి పిలుస్తున్నాము. ఆరవ తేదీ సాయంత్రం మొదటి గంట కొట్టవలసిందిగా మేస్త్రీ గారిని అడిగాము. వస్తానన్నారు, కాని ముందు ఉత్తరపు గోడ ఒకసారి తట్టి చూసుకుంటానన్నారు.