హిరోసె ఒడ్డున మాకోసం వేరే గిన్నె పెట్టిన మామ్మగారికి

చేతులకి కట్టెల పొగ వాసన ఇంకా వదల్లేదు, కళ్లు మూతలు పడుతున్నాయి, తెల్లారితే ల్యాబ్. అయినా ఈ నాలుగు మాటలూ రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు. అక్టోబర్‌లో యూనివర్సిటీకి దిగిన కొత్త తెలుగు పిల్లల కోసం ఇవాళ జపాన్‌లోని సెందాయ్‌లో, హిరోసె నది మీద ఉషిగోయె వంతెన దగ్గర పెట్టుకున్న ఇమోనికాయ్ విందు కడుపు నిండా, మనసు నిండా జరిగింది. అలా జరగడానికి కారణం ఒక్క మనిషి. పేరు రాయొద్దన్నారు కాబట్టి మామ్మగారనే అంటాను. మా పేటలో వారం వారం ఉచితంగా జపనీస్ చెప్పే వాలంటీర్. మాకు చుట్టం కాదు, యూనివర్సిటీ మనిషీ కాదు.

ఇండియా నుంచి చదివేవాళ్ల కోసం: ఇమోనికాయ్ అంటే, చలి ముదరకముందు ఈ తొహోకు ప్రాంతం వాళ్లు ఏటి ఒడ్డున రాళ్లతో పొయ్యి పెట్టి, చేమదుంపల పులుసు కాచుకుని కలిసి తినడం. మన కార్తీక వనభోజనాల్లాంటిదే, రోజులూ ఇంచుమించు అవే. సెందాయ్ వాళ్లు పంది మాంసం వేసి మిసోతో, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో కాస్తారు. పక్కనున్న యమగత వాళ్లు గొడ్డు మాంసం, సోయా సాస్. ఏది అసలైనదన్న వాదన ఎప్పటికీ తెగదు. రెండింట్లోనూ శాకాహారికి మాత్రం చోటు లేదు. ముక్కలు ఏరి పక్కన పెడితే సరిపోతుందనుకోకండి. పులుసుకి మూలమైన దాషి నీళ్లే కత్సువో అనే ఎండుచేపతో తీస్తారు. కొన్ని మిసో ప్యాకెట్లలో ఆ పొడి ముందే కలిపి ఉంటుంది.

మాలో కొందరు మాంసం, చేప ముట్టరని మామ్మగారితో మాటవరసకి అన్నాం, అంతే. ఆవిడ రాత్రే పెద్ద సీసాల్లో చన్నీళ్లు పోసి, లీటరుకి 10 గ్రాముల చొప్పున కొంబు అనే సముద్రపు నాచు, కొన్ని ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసి ఫ్రిజ్‌లో నానబెట్టి తెచ్చారు. కొంబుని మరగనిస్తే జిగురొస్తుందని, నీళ్లు పొయ్యెక్కకముందే దాన్ని తీయించారు. మేం కొన్న మిసో ప్యాకెట్ల వెనక సన్నటి అక్షరాలన్నీ భూతద్దం పెట్టి చదివి, చేప పొడి ఉన్నదాన్ని పక్కన పెట్టేశారు. మాంసం బదులు అబురాఅగె, అంటే వేయించిన టోఫూ రేకులు. వాటి మీద మరిగే నీళ్లు పోసి నూనె పోయేదాకా పిండారు. రెండు గిన్నెల గరిటెలూ కలిసిపోకుండా మా గరిటె కాడకి ఎర్ర దారం కట్టారు. ఆ దారపు ముడి చూశాక నాకు కన్నీళ్లు ఆగలేదు. ముక్కూ మొహం తెలియని పిల్లల ఆచారానికి ఇంత విలువ ఇవ్వాల్సిన అవసరం ఆవిడకేముంది చెప్పండి?

వచ్చే ఏడు పెట్టేవాళ్ల కోసం ఆవిడ చెప్పిన లెక్క ఇక్కడే రాసేస్తున్నాను. పది మందికి చేమదుంపలు కిలోన్నర, కొన్యకు (ఒక దుంప పిండితో చేసే జెల్లీ లాంటి ముద్ద) రెండు పలకలు, గోబో దుంపలు రెండు, పొడుగు ఉల్లికాడలు నాలుగు, దాషి నీళ్లు 4 లీటర్లు, సెందాయ్ మిసో 300 గ్రాములు. చేమదుంప దురద మనకి తెలిసిందే. చేతులు పొడిగా ఉన్నప్పుడే చెక్కు తీయాలి, లేదా తొక్కతో ఉడికించి ఒలుచుకోవాలి. కొన్యకుని కత్తితో కోయకుండా చెంచాతో తుంచితే గరుకు అంచులకి పులుసు పడుతుంది. సగం మిసో దుంపలు ఉడికేటప్పుడు, మిగతాది దించాక రుచి చూస్తూ కలపాలి. సలసలా కాగితే వాసన పోతుంది. ఉల్లికాడలు చివర్న. పొయ్యికి నీళ్లలోంచి తీసిన రాళ్లు వాడొద్దు, లోపలి తడి ఆవిరై పేలతాయి. అన్నిటికంటే పనికొచ్చింది ఇది: గిన్నె పొయ్యెక్కించే ముందు బయటివైపు అడుగంతా అంట్లు తోమే సబ్బు పట్టించాలి. మసి సబ్బుతోపాటే జారిపోతుంది. ఎరువు తెచ్చిన గిన్నె తళతళలాడుతూ వెనక్కి వెళ్లాలి కదా.

పులుసు ఉడికాక ఆవిడ చేసిన సాయం ఇంకా పెద్దది. కొత్త పిల్లలంతా ఒకే నీలం షీటు మీద ముడుచుకుని తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు. తలో గిన్నె చేతికిచ్చి, "మాది మాంసం లేనిది, కొంచెం రుచి చూస్తారా" అన్న వాక్యం జపనీస్‌లో పలికించి, పక్క పొయ్యి వాళ్ల దగ్గరికి పంపారు. కాసేపటికి రెండు షీట్లూ ఒకటయ్యాయి, లైన్ అనే మెసేజ్‌ల యాప్‌లో క్యూఆర్ కోడ్లు చూపించుకోవడం మొదలైంది. అంతకుముందు పిల్లలు రాసిన ఆహ్వానాన్ని కూడా ఎర్ర పెన్నుతో అక్షరం అక్షరం దిద్దారావిడ. 1904లో ఇదే ఊరికి వైద్యం చదవడానికి వచ్చిన చైనా కుర్రాడు, తర్వాత పెద్ద రచయితైన లూ షున్ నోట్సుని ఫుజినో మాస్టారు ఎర్ర సిరాతో దిద్దేవారు. ఆ సంగతి గుర్తొచ్చింది.

ఒక్క మాట బాధతోనే చెప్తున్నాను. ఇంగ్లీషు కోర్సులకని మమ్మల్ని అక్టోబర్‌లో దింపుతారు. సర్కిళ్లు, అంటే విద్యార్థి సంఘాలు, కొత్తవాళ్లని గట్టిగా చేర్చుకునేది ఏప్రిల్‌లో. మేం దిగేసరికి జట్లు కట్టడం అయిపోయి ఉంటుంది. ఏ సర్కిల్ ఇప్పుడు కూడా తీసుకుంటుందో ఇంగ్లీషులో ఒక్క కాగితం ఇవ్వరు. ల్యాబ్‌లో పార్టీ ఉంటే మందు తాగనివాళ్ల దగ్గరా, ఏమీ తినలేనివాళ్ల దగ్గరా తలకింత అని ఒకటే వసూలు. వాటా డబ్బు యాప్‌లో పంపమంటారు. ఆర్నెల్లు నిండని విదేశీయుడికి బ్యాంకు ఖాతా తెరవడమే గగనం. బ్యాంకు ఫోన్ నంబరు అడుగుతుంది, ఫోన్ కంపెనీ బ్యాంకు ఖాతా అడుగుతుంది. స్నేహాలు ఎక్కువగా పుట్టేది పార్ట్ టైం పనుల్లో. ఆ పనులకి విద్యార్థికిచ్చే అనుమతి వారానికి 28 గంటలు, దాన్ని మొదటిసారి దిగినప్పుడు ఎయిర్‌పోర్టులోనే తీసుకోవచ్చని ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. స్వాగత సభ పెట్టి, సంచీ ఇచ్చి, ఫోటో తీస్తే పిల్లలకి స్నేహితులు దొరకరండీ. యూనివర్సిటీ చేయాల్సిన పని డెబ్బై దాటిన మనిషి ఒంటరిగా చేస్తున్నారు.

అమ్మకీ నాన్నకీ, కొరియర్‌లో ఇంగువ, కారప్పొడి పంపిన అక్కకీ వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, అసలు గిన్నె, కట్టెలు ఇచ్చిన కన్వీనియన్స్ స్టోర్ కుర్రాడి పేరే అడగలేదు. ఆయనకి చాలా థాంక్స్. పొద్దున్నే వెళ్లి షీటు పరిచి చోటు పట్టిన నేపాల్ తమ్ముళ్లిద్దరికీ కూడా. చివరి బస్సు పోతుందని తెలిసీ బూడిద ఆరేదాకా ఆగి సంచుల్లోకి ఎత్తిన మా ల్యాబ్ జూనియర్‌కి, పార ఇచ్చిన పక్క పొయ్యి పెద్దాయనకి. పార మా దగ్గరే ఉండిపోయింది, మామ్మగారి క్లాసుకి తెచ్చిస్తాం.