రిపోర్టు ఫొటో తీసి పంపు నానీ

చిరంజీవి నానీకి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఫోను ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే "బిజీ అమ్మా" అని వదిలేస్తున్నావు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

వానలు బాగానే పడ్డాయి. పెరట్లో మునగచెట్టు గాలికి విరిగి గోడ మీద పడింది. మీ నాన్నగారు కంటి ఆపరేషన్ అయ్యాక కూడా మాట వినడం లేదు, చుక్కల మందు నేను గుర్తుచేస్తే తప్ప వేసుకోరు. సీతాలు కూతురికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఆవకాయ రెండు జాడీలు నీకోసం పక్కన పెట్టాను. అన్నం నువ్వే వండుకుంటున్నావా, మళ్ళీ ఆ హోటల్ పార్సెళ్ళేనా?

తణుకు సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. నువ్వు "వద్దు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. అమ్మాయి నచ్చకపోతే ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ ఫొటో చూసి, ఏం చదివిందో ఎక్కడ పనిచేస్తోందో నువ్వే అడిగి తెలుసుకున్నావు కదా. అంతలోనే ఏమైంది?

చిట్టిపిన్ని వాళ్ళ బాబీ మొన్న వ్రతానికి వచ్చి నోరు జారాడు. మీ ఆఫీసులో రక్తదానం క్యాంపు పెట్టారట. తర్వాత బ్లడ్ బ్యాంకు వాళ్ళు నిన్ను పిలిపించి మాట్లాడారట. అప్పట్నుంచీ నువ్వు నీ కంచం, గ్లాసు విడిగా పెట్టుకుంటున్నావట. వాణ్ణి ఏమీ అనకు, నీ మీద బెంగతోనే చెప్పాడు. కంచం మాట వినగానే నాకు అర్థమైపోయింది. హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అని ఉంటారు, అంటే లివర్‌కి పట్టే హెపటైటిస్ బి వైరస్ గుర్తు రక్తంలో కనపడిందని. అవునా కాదా, ఒక్క మాట చెప్పు.

రిటైరయ్యేదాకా ల్యాబులో పనిచేసినదాన్ని, నా దగ్గర దాచడం ఎందుకు నాన్నా? ఆ పరీక్ష కార్డు మీద సీరం చుక్కలు వేసి, మొదటి గీత పక్కన రెండో గీత లేత గులాబీ రంగులో తేలుతుందేమోనని కళ్ళు చికిలించుకుని చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగం. టైము దాటాక తేలే గీతను లెక్కలోకి తీసుకోకూడదు. బ్లడ్ బ్యాంకు వాళ్ళ పరీక్ష కూడా వడపోతకే. దాన్ని రెండో పరీక్షతో నిర్ధారణ చేసుకోవాలి. అదీ పాజిటివ్ వస్తే, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూడాలి. అప్పటికీ పోకపోతేనే దీర్ఘకాలికం అంటారు. పెద్దయ్యాక సోకినవాళ్ళలో నూటికి తొంభై అయిదుమందికి అదే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి తొంభైమందిలో ఉండిపోతుంది. అయిదేళ్ళలోపు పిల్లల్లోనూ చాలామందికి నిలిచిపోతుంది.

కాబట్టి ఎలా వచ్చిందా, ఎవరేమనుకుంటారా అని సిగ్గుపడే పనే లేదు. మన దగ్గర దీర్ఘకాలికంగా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఊహ తెలియకముందు వచ్చిందే. నీ చిన్నప్పుడు పల్లెల్లో ఒకే గాజు సిరంజి వేడినీళ్ళలో ముంచి తీసి, ఊళ్ళో పిల్లలందరికీ పొడిచేవారు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు 1997లో మన దేశపు టీకా తెచ్చేదాకా, విదేశాల నుంచి వచ్చే డోసు మాలాంటివాళ్ళు కొనగలిగే ధరలో లేదు. అది రాగానే నీకూ అక్కకూ మూడు డోసులు వేయించాను. అప్పటికే వైరస్ ఒంట్లో చేరి ఉంటే టీకా వల్ల ఉపయోగం ఉండదు. నా పరీక్షలూ ఎప్పుడో చేయించుకున్నాను. ఎస్ యాంటిజెన్ (అదే హెచ్‌బీఎస్‌ఏజీ) లేదు, కోర్ యాంటీబాడీ (వైరస్ సోకితేనే ఒంట్లో తయారయ్యేది) ఉంది, యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణనిచ్చే యాంటీబాడీ) కూడా ఉంది. అంటే నాకు ఎప్పుడో వచ్చి పోయింది. టీకాతో రక్షణ వచ్చినవాళ్ళకు యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే ఉంటుంది, కోర్ ఉండదు. నీ రిపోర్టులో కోర్ యాంటీబాడీ ఏమని వచ్చిందో చూడు. అది ఉంటే వైరస్ ఒకప్పుడైనా ఒంట్లోకి వచ్చిందన్నమాటే.

జిమ్ముకు వెళ్తున్నావని బాబీ చెప్పాడు. వెళ్ళు, మంచిదే. కానీ వాళ్ళిచ్చే పొడులూ ఇంజెక్షన్లూ ముట్టుకోకు. స్టెరాయిడ్ దేనికి పడినా డాక్టరుకు ముందు ఈ సంగతి చెప్పాలి, నిద్రపోతున్న వైరస్ లేచి కూర్చుంటుంది.

పెద్దమామయ్య సంగతి నీకు సగమే తెలుసు. మిగతాది ఇవాళ చెప్తాను. 1993లో దోహాలో పనికి అంతా కుదిరి, మెడికల్‌కని మద్రాసు వెళ్ళాడు. అక్కడ "ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్, అన్‌ఫిట్" అని కాగితం చేతిలో పెట్టి పంపేశారు. (అప్పటి డాక్టర్లు హెచ్‌బీఎస్‌ఏజీని అలాగే అనేవారు. 1960లలో బ్లంబర్గ్ అనే ఆయన దాన్ని మొదట ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో చూశాడు, ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది.) పాస్‌పోర్టు కోసం చేసిన అప్పు అలాగే ఉంది. మనిషి చూస్తే రాయిలా ఉన్నాడు. ఇంట్లో అమ్మమ్మ కంచం విడిగా పెట్టింది, అత్తయ్య దుప్పటి విడిగా ఉతికేది. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే ఇది రాదని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. వాడు వరండాలో ఒంటరిగా కూర్చుని తింటుంటే నాకు గొంతు దిగేది కాదు. అందుకే నీ కంచం మాట వినగానే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అప్పుడు వాడి ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) నార్మల్, హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే యాంటిజెన్) పాజిటివ్. ఆ దశలో వైరస్ మిల్లీలీటరు రక్తానికి కోటి ఐయూల (అంతర్జాతీయ యూనిట్ల) పైన ఉంటుంది, లివరుకు మాత్రం పెద్దగా దెబ్బ ఉండదు. దొంగ అటకెక్కి కాపురం పెట్టినా ఇంట్లో కుక్క మొరగని స్థితి అది. మన ఒంట్లో రక్షణ వ్యవస్థ వైరస్‌ని ఇంకా పట్టించుకోలేదని అర్థం. డాక్టరుగారు మందు ఇవ్వలేదు, ఆర్నెల్లకోసారి చూపించుకోమన్నారు.

కొన్నేళ్ళు గడిచాక వాడికి నీరసం, ఆకలి లేదు, కళ్ళు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ రెండు వందలు దాటింది. మావాళ్ళు కంగారుపడి పసరు మందుకి తీసుకెళ్ళారు. పరగడుపున పసరు, ఉప్పు లేని పథ్యం, మనిషి సగమైపోయాడు. కొన్ని నెలలకు ఎస్‌జీపీటీ దిగింది. హెచ్‌బీఈఏజీ పోయి దాని యాంటీబాడీ, యాంటీ హెచ్‌బీఈ వచ్చింది. పసరు పనిచేసిందని ఊరంతా చెప్పుకున్నారు. జరిగింది వేరు. ఇన్నాళ్ళూ ఊరుకున్న ఒళ్ళు మేలుకుని వైరస్ ఉన్న కణాల మీద విరుచుకుపడింది. ఎస్‌జీపీటీ పెరిగింది ఆ పోరాటం వల్లే, తగ్గింది అది గెలిచినందువల్లే. పసరు తాగకపోయినా ఆ మలుపు వచ్చేదే. కొందరి ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఆ పసర్లే, లివర్ వాచి ఉన్నప్పుడు దానికి ఇంకో బరువు.

ఆ తర్వాత వాడికి మంచి రోజులు. డీఎన్‌ఏ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) రెండు వేల ఐయూలలోపు, ఎస్‌జీపీటీ నార్మల్, ఈఏజీ (హెచ్‌బీఈఏజీ) నెగెటివ్. ఇన్‌యాక్టివ్ క్యారియర్ అన్నారు, అంటే వైరస్ ఉన్నా అణిగి ఉన్నవాడని. చాలామంది జీవితమంతా ఆ దశలోనే హాయిగా ఉంటారు. ఏడాదికి నూటికి ఒకరికి అటూ ఇటూగా ఎస్ యాంటిజెన్ కూడా పోతుంది. వాడు తగ్గిపోయిందనుకుని పరీక్షలు మానేశాడు. చెరువు లీజుకి తీసుకున్నాడు, మేతలు, పట్టుబడులు, ఆ హడావిడిలో పడిపోయాడు. నేను ఎప్పుడడిగినా "నాకేం అక్కా" అనేవాడు.

2012లో హెర్నియా ఆపరేషన్‌కి రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు తక్కువ. ఎస్‌జీపీటీ యాభై ఎనిమిది, ఈఏజీ నెగెటివే, కానీ డీఎన్‌ఏ అయిదు లక్షల పైచిలుకు. వైరస్ తీరు మార్చుకుని, ఈఏజీ తయారుచెయ్యడం మానేసి లోపల పెరుగుతూనే ఉంది. ఈ దశలో ఎస్‌జీపీటీ ఒకసారి పెరుగుతుంది, ఒకసారి దిగుతుంది. దిగినప్పుడు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఫైబ్రోస్కాన్‌లో లివర్ గట్టిపడుతోందని తేలింది. టెనోఫోవిర్ మొదలుపెట్టారు, రోజుకొక్క మాత్ర. ఏడాదిలో డీఎన్‌ఏ కనపడనంతకి దిగింది. ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండు, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌ని కనిపెట్టడానికి చేసే రక్తపరీక్ష) చేయించుకుంటున్నాడు. మాత్ర సొంతంగా మానకూడదు, మానితే వైరస్ ఒక్కసారిగా తిరగబడుతుంది. ఇప్పుడు చెరువు గట్టు మీద తిరుగుతూనే ఉన్నాడు. అత్తయ్య ఇప్పుడు వాడితో కలిసే తింటుంది.

అందుకే నానీ, ఎస్ యాంటిజెన్ ఒక్కదాన్నే పట్టుకుని నీ బతుకు ఇంతే అని తీర్పు రాసుకోకు. అది వైరస్ ఉందనే చెప్తుంది. ఏం చేస్తోందో చెప్పాలంటే ఈఏజీ, యాంటీ హెచ్‌బీఈ, డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ నాలుగూ ఒకేసారి పక్కపక్కన పెట్టి చూడాలి. కొన్నాళ్ళ తేడాతో మళ్ళీ చూడాలి. రిపోర్టు కింద ఎస్‌జీపీటీ నలభై అయిదు వరకూ నార్మల్ అని అచ్చేసి ఉంటారు, దానికి సంబరపడకు. ఈ జబ్బు విషయంలో మగవాళ్ళకు ముప్ఫై, ఆడవాళ్ళకు పంతొమ్మిది దాటితే ఎక్కువే అని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. డీఎన్‌ఏ రెండు వేలు దాటి, ఎస్‌జీపీటీ కూడా ఆ గీత దాటితే మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి. డబ్బుకి వెనకాడకు. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితంగానే ఇస్తారు.

మందు కొట్టే పార్టీలకు వెళ్ళకు. ఇది నేను ఊరికే చెప్పే మాట అనుకోకు, లివర్‌కి ఈ రెండూ కలిస్తే తట్టుకోవడం కష్టం. నీ బ్లేడు, బ్రష్షు, గోళ్ళు తీసుకునేది విడిగా ఉంచుకో. కంచం కాదు, ఇవే విడిగా ఉండాల్సినవి. ఈ రాత్రి బాబీతో కలిసి ఒకే బల్ల మీద తిను.

తణుకు అమ్మాయి విషయం. దాచి పెళ్ళి చెయ్యడం నాకు ఇష్టం లేదు, వాళ్ళకు చెప్పే చేద్దాం. ఆమెకు ముందు పరీక్ష, తర్వాత మూడు డోసులు. చివరి డోసు అయ్యాక నెలా రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ పది దాటిందో లేదో చూస్తే చాలు. పిల్లలకూ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు టీకా వేస్తారు. ఒప్పుకుంటే సరే, ఒప్పుకోకపోతే వాళ్ళిష్టం. నువ్వు మాత్రం వాళ్ళ తరఫున ముందే వద్దనకు. అక్కకీ బావగారికీ పరీక్ష చేయించమని నేనే చెప్తాను, నీ పేరు చెప్పను. పెద్దమామయ్యకి ఫోన్ చెయ్యి. వాడు నీకు చెప్పగలిగినంత నేను చెప్పలేను.

నాన్నగారికి ఇంకా చెప్పలేదు. నువ్వు ఆదివారంలోపు మాట్లాడకపోతే చెప్తాను. ఆ రాత్రికే ఇద్దరం బస్సెక్కి వచ్చేస్తాం.

ఇట్లు,
అమ్మ

తా.క. రిపోర్టు ఫొటో తీసేటప్పుడు తేదీ, యూనిట్లు కనపడేలా తియ్యి. డీఎన్‌ఏ ఐయూల్లో ఉందో కాపీల్లో ఉందో తెలియాలి, కాపీల్లో అయితే అంకె ఇంచుమించు అయిదు రెట్లు ఎక్కువ కనపడుతుంది, అది చూసి హడలిపోకు. ఆవకాయ బాబీతో పంపుతున్నాను. మూత తడిచేత్తో తియ్యకు.