విషయం: డబ్బా మీద రంగు తప్ప ఇంకేమీ చెప్పని మీ కూలెంట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. మీ కంపెనీ కూలెంట్ నా కారులో పోయించాను, ఇప్పుడు దాన్ని మొత్తం తీయించి ఇంజిన్ కడిగించాల్సి వచ్చింది. ఫోన్‌లో మీ వాళ్లతో మాట్లాడితే సరైన జవాబు ఒక్కటీ రాలేదు, అందుకే అంతా రాసి పంపిస్తున్నాను. దయచేసి చివరిదాకా చదివి, కూలెంట్ తయారీ గురించి తెలిసిన వాళ్ల చేతికి ఇవ్వండి.

మీ డబ్బా ముందువైపు ఏముందో ఒకసారి మీరే చూడండి. కంపెనీ పేరు, ఒక కారు బొమ్మ, పెద్ద అక్షరాల్లో ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అన్న మాట, లోపల పచ్చటి ద్రవం. అంతే. దాన్ని నేరుగా పోయాలా, నీళ్లు కలిపి పోయాలా అన్నది ముందువైపు ఎక్కడా లేదు. వెనక్కి తిప్పితే బార్‌కోడ్ పక్కన, డబ్బా అతుకు దగ్గర చీమ తలకాయంత అక్షరాల్లో ‘ప్రీమిక్స్’ అని ఉంది, అంటే ముందే నీళ్లు కలిపేసినది, నేరుగా పోయాల్సినది. నీళ్లు కలిపి పోయాల్సిన చిక్కటి రకం, అంటే కాన్సన్‌ట్రేట్ కూడా మీరు అమ్ముతున్నారు, అదీ ఇదే డబ్బా, ఇదే మూత, ఇదే పచ్చ రంగు. రెండింటికీ తేడా ఆ ఒక్క మాటే. మా మెకానిక్ ఎప్పటినుంచో మీ కాన్సన్‌ట్రేట్ వాడుతున్న మనిషి, దానికి ఎలా చేస్తారో అలాగే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశారు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆ డబ్బా చేతికిస్తే ఎవరైనా అదే చేస్తారు.

కొన్నాళ్లకి రిజర్వాయర్ ట్యాంకులో రంగు మరీ పలచగా కనిపించి అనుమానం వచ్చింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఒక్క చుక్క తీసి, కూలెంట్ ఎంత చిక్కగా ఉందో చూపే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి, మూత మూసి వెలుతురులోకి పట్టి చూశాం. కూలెంట్ ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో చూపే, నీలానికీ తెలుపుకీ మధ్య గీత మైనస్ 37 దగ్గర ఉండాల్సింది మైనస్ 12 దగ్గర ఆగింది. అంటే కూలెంట్‌లో అసలు పదార్థమైన ఎథిలీన్ గ్లైకాల్ 50 శాతం ఉండాల్సిన చోట 25 శాతమే ఉందన్నమాట. మరుగు ఉష్ణోగ్రత కూడా దానితోపాటే పడిపోతుంది, ఒత్తిడి పెంచి మరగడాన్ని ఆలస్యం చేసే ప్రెషర్ క్యాప్ సంగతి పక్కన పెడితే సగం సగం మిశ్రమం సుమారు 107 డిగ్రీల దాకా మరగదు, ఇది 103 దగ్గరే మరుగుతుంది. నాకు అంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంకొకటి, గ్లైకాల్‌తోపాటు తుప్పు పట్టకుండా కాపాడే ఇన్‌హిబిటర్లు కూడా సగానికి సగం తగ్గిపోయాయి. అల్యూమినియం హెడ్, వాటర్ పంపు, రేడియేటర్ సన్నటి గొట్టాలు, ఇవన్నీ బతికేది వాటి మీదే. అది ఒక్కరోజులో తెలిసే నష్టం కాదు, బయటపడేసరికి పంపు కారుతూనో గొట్టాలు పూడిపోయో ఉంటాయి.

ఇక రెండో సంగతి, నిజానికి ఇదే పెద్దది. నా కారు మాన్యువల్‌లో సిలికేట్ లేని, ఫాస్ఫేట్ ఉన్న ఆర్గానిక్ యాసిడ్ రకం కూలెంటే వాడాలని స్పష్టంగా ఉంది, ఇవన్నీ తుప్పు ఆపే ఇన్‌హిబిటర్లలో రకాలే. మీది ఏ రకమని ఫోన్ చేసి అడిగితే, ‘పాతది పచ్చగా ఉంటే మాది పోసుకోవచ్చు సార్, ఏం కాదు’ అన్నారు. ఇంకోసారి అడిగినా అదే మాట.

రంగు అనేది అద్దకం, కంపెనీ ఇష్టం. ఒకే పచ్చ రంగులో పాతకాలం సిలికేట్ కూలెంటూ ఉంటుంది, కొత్త ఆర్గానిక్ యాసిడ్ కూలెంటూ ఉంటుంది. రెండూ పనిచేసే తీరే వేరు. సిలికేట్ అల్యూమినియం మీద గబగబా ఒక పొర వేస్తుంది, కానీ త్వరగా ఖర్చయిపోతుంది, అందుకే పాత రకాన్ని సుమారు 2 ఏళ్లకే మార్చమంటారు. ఆర్గానిక్ యాసిడ్ రకం తుప్పు మొదలయ్యే చోట మాత్రమే పనిచేస్తుంది కాబట్టి 5 ఏళ్ల దాకా నిలుస్తుంది. జపాన్ కంపెనీలు పంపు సీళ్లు అరుగుతాయని సిలికేట్ వద్దంటాయి, యూరప్ కంపెనీలు కఠిన జలంతో కలిస్తే గార కడుతుందని ఫాస్ఫేట్ వద్దంటాయి. ఇన్ని తేడాలుండగా ‘అన్ని కార్లకూ’ అని ఏ ధైర్యంతో రాశారు? రకం కాని రకం కలిస్తే ఇంజిన్ వెంటనే ఆగిపోదని నాకూ తెలుసు, కానీ ఎక్కువ కాలం రావాల్సిన కూలెంట్ ఆయుష్షు పడిపోతుంది, కొన్ని కలిస్తే జిగురులా గడ్డకట్టి హీటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది.

దీన్ని సరిచేయడం కూడా మీరు అనుకున్నంత తేలిక కాదు. రేడియేటర్ కింద డ్రెయిన్ తిప్పితే వచ్చేది కొంతే, మిగతాది ఇంజిన్ బ్లాకులోనూ హీటర్‌లోనూ ఉండిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, ఇంజిన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక ఆ నీళ్లు బయటికి వదిలేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే పని. అలా కడిగాక లోపల ఎంతో కొంత నీళ్లు మిగులుతాయి కాబట్టి అప్పుడు ప్రీమిక్స్ పోస్తే మళ్లీ పలచనవుతుంది. మాన్యువల్‌లో మొత్తం ఎన్ని లీటర్లో చూసి, అందులో సగం కాన్సన్‌ట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, గాలి బుడగలు పోయేదాకా చూసుకోవాలి. ఎప్పుడు ప్రీమిక్స్ పనికొస్తుంది, ఎప్పుడు కాన్సన్‌ట్రేట్ కావాలి అన్న ఈ నాలుగు ముక్కలు మీ డబ్బా మీద ఎందుకు లేవు? వెనక అంత ఖాళీ ఉంది, అక్కడ కూడా కారు బొమ్మే వేశారు.

నాకు కావాల్సింది చెబుతాను. మీ పచ్చ కూలెంట్‌లో ఏ ఇన్‌హిబిటర్లు ఉన్నాయి, ఏ ప్రమాణాలకు సరిపోతుంది అన్నది రాతపూర్వకంగా పంపండి. ‘నీళ్లు కలపకూడదు’ లేదా ‘నీళ్లు కలపాలి’ అన్నది డబ్బా ముందువైపు, కంపెనీ పేరంత సైజులో వేయండి, రెండింటికీ మూత రంగైనా మార్చండి. ‘అన్ని కార్లకూ’ అన్న మాట తీసేయండి, లేదా ఏ ఏ కార్లకు పరీక్షించారో జాబితా పెట్టండి. ఫోన్ ఎత్తే వాళ్లకి రంగు చూసి సలహా ఇవ్వొద్దని చెప్పండి. ఇంకో మాట, ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, పిల్లలూ కుక్కలూ నాకితే ప్రాణం మీదికొస్తుంది, ఆ హెచ్చరిక కూడా ఆ బార్‌కోడ్ పక్కనే అదే చిన్న అక్షరాల్లో ఉంది, ముందు దాన్ని పెద్దది చేయండి.

కూలెంట్ ధర, ఇంజిన్ కడిగించిన ఖర్చు మీరే ఇవ్వాలి. బిల్లులు, డబ్బా నాలుగు వైపులా తీసిన ఫోటోలు, బ్యాచ్ నంబరు, రిఫ్రాక్టోమీటర్ రీడింగ్ ఫోటో దీనితో జతచేశాను. తీసేసిన కూలెంట్ శాంపిల్ సీసాలో ఉంచాను, మీ ల్యాబ్‌కి కావాలంటే పంపిస్తాను. ఫోన్ చేయొద్దు, జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి.

ఇట్లు,
మీ కూలెంట్ వాడిన ఒక కారు యజమాని