సైన్స్ వార్తని మా ఊరి వార్తలాగా రాయండి, పక్కనే వారానికో సైన్స్ ఫిక్షన్ కథ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నాది పాలకొల్లు దగ్గర టీవీలు, ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు రిపేరు చేసే చిన్న షాపు. మీ పేపర్లో సైన్స్ ముక్క ఎక్కడ పడ్డా వదలకుండా చదువుతాను, ఆ చనువుతోనే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుద్ది, కత్తిరించి వేసినా పర్లేదు గానీ అడిగింది మాత్రం ఆలోచించండి. సైన్స్ వార్తని మా ఊరి వార్తలాగా రాయండి, దాని పక్కనే వారానికి ఒక సైన్స్ ఫిక్షన్ కథ వేయండి. అదీ నేనడిగేది. ఎందుకో చెప్తాను.

2025 ఫిబ్రవరి గుర్తుందా అండీ? 2024 వైఆర్4 అని ఒక గ్రహశకలం, 2032 డిసెంబర్ 22న భూమిని గుద్దేస్తుంది, అది పడే దారిలో ఇండియా కూడా ఉంది అని టీవీలు, పేపర్లు, యూట్యూబ్ అన్నీ ఒకటే హోరు. ఆ రాయి సైజు సుమారు 60 మీటర్లు, ఊరి మీద పడితే ఊరు పోద్ది, నిజమే, కానీ భూమి అంతమైపోయేంత రాయి కాదది. ఢీకొట్టే అవకాశం ముందు 1 శాతం చిల్లర అన్నారు, పెరిగి పెరిగి 3.1 శాతం అయింది, అది పెరిగిన రోజు ఎక్కడ చూసినా అదే హెడ్డింగు. తర్వాత వారం తిరక్కుండానే ఇంకా బాగా కొలిచి చూసేసరికి దాదాపు సున్నాకి వచ్చేసింది, ఆ సంగతి మాత్రం లోపలి పేజీలో నాలుగు లైన్లు, కొన్నిచోట్ల అదీ లేదు. మా షాపుకి వచ్చే తొమ్మిదో క్లాసు కుర్రాడు "అంకుల్, 2032కి నా చదువు అయిపోద్దా, ఈలోపే అది పడిపోద్దా" అని అడిగాడండీ. వాడు సరదాకి అడగలేదు, భయపడే అడిగాడు.

అవకాశం ముందు పెరిగి తర్వాత ఎందుకు తగ్గిందో ఒక్క పేరా రాసుంటే మనోళ్ళకి చిటికెలో అర్థమయ్యేది, ఎంచేతంటే మనకి తుపాన్లు అలవాటే కదా. వాయుగుండం ఎక్కడో నడి సముద్రంలో ఉన్నప్పుడు నెల్లూరు నుంచి కళింగపట్నం దాకా ఎక్కడైనా దాటొచ్చంటారు, రోజులు గడిచేకొద్దీ ఆ మేర సన్నబడి మచిలీపట్నం కాకినాడ మధ్య అంటారు, నరసాపురం ఇంకా ఆ మేరలోనే ఉంది కాబట్టి నరసాపురానికి ముప్పు పెరిగినట్టే కనపడుద్ది, ఆఖర్న ఇంకా సన్నబడ్డాక మన ఊరు దాంట్లోంచి బయటపడొచ్చు, లేదా 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా వచ్చినట్టు నరసాపురం పక్కనే దాటొచ్చు. గ్రహశకలం లెక్కా అంతే. కొలతలు బాగుపడేకొద్దీ అది వచ్చే మేర సన్నబడింది, భూమి కొన్నాళ్ళు ఆ మేరలోనే ఉండటంతో శాతం పెరిగింది, తర్వాత భూమి బయటికొచ్చేసింది. ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరూ దాచలేదు. ఇది చెప్తే భయం పోవడమే కాదు, సైన్స్ ఎలా పనిచేస్తుందో కూడా పిల్లాడికి తెలుస్తుంది.

3ఐ అట్లాస్ అనే తోకచుక్క వచ్చినప్పుడూ ఇదే జరిగింది. 2025 జూలై 1న చిలీలో ఉన్న టెలిస్కోప్ దాన్ని పట్టుకుంది, మన సూర్యుడి కుటుంబానికి చెందనిది, వేరే నక్షత్రం దగ్గర్నుంచి వచ్చింది, ఇప్పటిదాకా మనిషి చూసిన వాటిల్లో ఇలాంటిది మూడోది మాత్రమే, 2017లో ఒకటి, 2019లో ఒకటి, ఆ తర్వాత ఇదే. గంటకి 2 లక్షల కిలోమీటర్లకి పైగా వేగం. తోకచుక్క అండీ అది, మనకి బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా సుమారు 27 కోట్ల కిలోమీటర్ల దూరం. వేరే నక్షత్రం దగ్గర పుట్టిన మంచు ముక్క మన వీధిలోంచి వెళ్తోందంటే అంతకన్నా గొప్ప వార్త ఇంకేం కావాలి, దానికి ఏలియన్ల ఓడ అని హెడ్డింగు పెట్టాల్సిన పనేముంది? ఏలియన్లు కావాలనుకునే పిల్లలకి ఏలియన్ల కథ వేయండి, కింద కథ అని రాయండి, వాళ్ళు హాయిగా చదువుకుంటారు. వార్తలో కథ కలిపితే వార్తా పాడవుద్ది, కథా పాడవుద్ది.

చంద్రయాన్ 3 సంగతి తీసుకోండి. 2023 ఆగస్టు 23 సాయంత్రం మా సెంటర్లో టీవీ షాపు ముందు జనం ఎలా నిలబడ్డారో నేను చూశాను, ఆటోలు ఆపుకుని మరీ చూశారు. దిగినందుకు మీరు కూడా పేజీలకి పేజీలు వేశారు, సంతోషం. మరి దిగాక ఏం కనిపెట్టింది? విక్రమ్ ల్యాండర్‌లోంచి ఒక సన్నటి గొట్టం లాంటి పరికరాన్ని చంద్రుడి మట్టిలోకి దింపి వేడి కొలిస్తే పైన 50 డిగ్రీలకి పైనే ఉంది, జస్ట్ 8 సెంటీమీటర్లు కిందకి వెళ్ళేసరికి మైనస్ 10. జానెడు లోతు కూడా కాదండీ, అంత తేడా! అక్కడి మట్టి వేడిని లోపలికి పోనివ్వదన్నమాట. అలాగే ప్రజ్ఞాన్ రోవర్ లేజర్ కొట్టి చూసి అక్కడ గంధకం ఉందని తేల్చింది. ఈ రెండు సంగతులూ మా ఏరియాలో ఎవరినైనా అడగండి, తెలిసినవాళ్ళు బహు తక్కువ, రాకెట్ ఫోటో మాత్రం అందరికీ గుర్తుంది.

ఇప్పుడు మా డెల్టాకి సూటిగా తగిలే విషయం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నైసార్ అనే శాటిలైట్ వెళ్ళింది, నాసా ఇస్రో కలిసి చేసింది. ఆ రోజు అన్ని పేపర్లూ ఎంత ఖర్చయింది, ఎంత బరువు అని వేశాయి. అది గోదావరి జిల్లాలకి ఎందుకు ముఖ్యమో నేను చదివిన వాటిల్లో ఒక్కరూ రాయలేదు. మనకి వరద వచ్చేది జూలై ఆగస్టుల్లో, అప్పుడు ఆకాశం నిండా మబ్బే, మామూలు కెమెరా శాటిలైట్‌కి పైనుంచి మబ్బు తప్ప లంకలు కనపడవు. నైసార్‌లో ఉన్నది రాడార్. రెండు రకాల తరంగాలు వదుల్తుంది, ఒకదాని పొడవు సుమారు 24 సెంటీమీటర్లు, ఇంకోటి 9 సెంటీమీటర్ల చిల్లర, ఇవి మబ్బుల్లోంచి దిగిపోతాయి, రాత్రయినా పనిచేస్తాయి, పొడవైన తరంగమైతే చెట్ల ఆకుల్ని కూడా దాటుకుని నేల దాకా వెళ్ళుద్ది. కదలకుండా నిలిచిన నీళ్ళ మీద పడితే తరంగం అవతలి పక్కకి పోయి వెనక్కి రాదు, అంచేత బొమ్మలో నీళ్ళున్న చోటు నల్లగా పడుద్ది. అంటే వరదలో ఏ లంక ఎంతమేర మునిగిందో మబ్బున్నా తెలుస్తుంది. ప్రతి 12 రోజులకీ మళ్ళీ అదే దారిలో వస్తుంది, 747 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ.

ఇంకో పని అంతకన్నా పెద్దది. పోయినసారి తీసిన బొమ్మనీ ఈసారి తీసిన బొమ్మనీ తరంగం లెక్కల్లో పోల్చి చూస్తే నేల కొన్ని సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ దిగినా పట్టేస్తుంది. మన డెల్టా అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే కదండీ, పైన డ్యాములు కట్టాక ఆ ఒండ్రు రావడం తగ్గింది, కొత్త మట్టి రాకపోతే ఉన్న మట్టి నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది, ఇటు సముద్రం పెరుగుతోంది. ఉప్పాడ వాళ్ళని అడిగితే కెరటం ఎన్ని ఇళ్ళు తినేసిందో చెప్తారు, అంతర్వేది దగ్గర కోత గురించి మీరే ఫోటోలు వేస్తుంటారు. మరి ఆ ఫోటో పక్కనే నేల దిగుతోందో లేదో కొలిచే యంత్రం మన నెత్తి మీద తిరుగుతోందని రాయొచ్చు కదా. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది అని మా ఇళ్ళల్లో చదువురాని ముసలమ్మలు కూడా చెప్తారు. ఎందుకంటే మీరు ఏటా రాస్తారు కాబట్టి! ఈ శాటిలైట్ సంగతీ అలాగే ఏటా రాయండి, అది కూడా అంతే నోటికొచ్చేస్తుంది.

గాడ్జెట్ల పేజీ గురించి ఒక మాట. ఫోన్ ధర, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, బ్యాటరీ ఎంత, వారం వారం ఇదే. పిల్లలకి సరదా పుట్టించే వస్తువులు వేరే ఉన్నాయండీ. ఫోల్డ్‌స్కోప్ అని కాగితం మడిచి చేసే మైక్రోస్కోప్ ఉంది, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మను ప్రకాష్ గారనే మన దేశం ఆయన, ఇంకొకళ్ళతో కలిసి చేశారు, ఏ 140 రెట్లో పెద్దదిగా చూపిస్తుంది, జేబులో పడుతుంది. దాంతో మా రొయ్యల చెరువు నీళ్ళ చుక్క చూపిస్తే పిల్లలు కళ్ళు తీయరు, ఆ ఆకుపచ్చ నలకలన్నీ ప్రాణాలే. ఆ నలకలే పగలు ఎండకి ఆక్సిజన్ వదుల్తాయి, రాత్రి మాత్రం వదలవు, పీల్చుకోవడమే. అందుకే తెల్లారుగట్ల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయి రొయ్య పైకి తేలుతుంది, అందుకే మా రైతులు ఆ టైములో నిద్ర మానుకుని నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుకుంటారు. తండ్రి కష్టపడే పని వెనకాల ఉన్న సైన్స్‌ని కొడుకు కాగితం మైక్రోస్కోప్‌లో చూడటం కంటే మంచి గాడ్జెట్ న్యూస్ ఏముంది?

మామూలు బైనాక్యులర్ ఉన్నా చాలు, చెయ్యి కదలకుండా గోడకి ఆనించి పట్టుకుంటే గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు కనపడతాయి, గెలీలియో 1610లో చూసిన చంద్రుళ్ళే అవి. అసలు ఏ వస్తువూ అక్కర్లేనిది ఇంకోటుంది, అంతరిక్ష కేంద్రం. 400 కిలోమీటర్ల ఎత్తులో గంటకి 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, చీకటి పడ్డ కాసేపటికో తెల్లారే ముందో మన మీద నుంచి వెళ్తే ఆరిపోకుండా వెలిగే చుక్కలాగా నాలుగైదు నిమిషాలు కనపడుద్ది, మిణుకు మిణుకుమనదు. 2025 జూన్, జూలైల్లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా గారు దాంట్లోనే ఉన్నారు, పెసలు, మెంతులు మొలకెత్తించారు కూడా. రాజమండ్రి, కాకినాడ, భీమవరం మీద నుంచి ఏ రోజు ఎన్నింటికి వెళ్తుందో నాసా వాళ్ళు ముందే చెప్తారు, ఆ టైము మీ పేపర్లో పంచాంగం పక్కన ఒక్క లైను వేయండి. మేడలెక్కి చూడని పిల్లాడుండడు, ఇది నా పూచీ.

ఇక సైన్స్ ఫిక్షన్. అవన్నీ ఉత్త కట్టుకథలు, పిల్లల్ని పాడుచేస్తాయి అనే పెద్దోళ్ళు మా దగ్గర ఇంకా ఉన్నారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఆర్థర్ సి క్లార్క్ అని సైన్స్ ఫిక్షన్ రచయిత, తర్వాత శ్రీలంకలోనే స్థిరపడ్డాడు. ఆయన 1945 అక్టోబర్‌లో ఒక వైర్‌లెస్ పత్రికలో రాశాడు, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో శాటిలైట్ పెడితే అది భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్టు కనపడుద్ది, దాంతో ప్రపంచమంతా రేడియో, టీవీ పంపొచ్చు అని. అప్పటికి లోకంలో ఒక్క శాటిలైట్ కూడా లేదు, మొదటిది 1957లో వెళ్ళింది. 1975లో ఆ ఎత్తునే ఉన్న అమెరికా శాటిలైట్‌తో మన దేశంలో 2,400 ఊళ్ళకి టీవీ పంపారు, ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు తుపాను బంగాళాఖాతంలో సుడి తిరుగుతుంటే దాన్ని అరగంటకోసారి ఫోటో తీసే ఇన్శాట్ శాటిలైట్ కూడా ఆ ఎత్తునే ఉంది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మనకి అలాంటి ఇన్శాట్ లేదండీ, ఎన్ని వేలమంది పోయారో తెలుసు కదా. ఊహించడం తెలిసిన మనిషి రాసిన కాగితమే ఈరోజు మన ప్రాణాలకి కాపలా కాస్తోంది.

పిల్లలకి ఈ కథలంటే ఎంత పిచ్చో మా షాపులో చూడాలి. సాయంత్రం చేరి ఎల్ఈడీలు, చిన్న మోటార్లు, సెన్సర్లు ఏరుకుంటూ టైమ్ మెషిన్‌లో వెనక్కెళ్ళి తాత పెళ్ళి ఆపేస్తే మనం పుడతామా పుట్టమా అని గొడవపడతారు, ఆ గొడవలో ఎంత లాజిక్ ఉంటుందో. 1991లోనే ఆదిత్య 369లో టైమ్ మెషిన్ ఎక్కి కృష్ణదేవరాయల దగ్గరకి వెళ్ళొచ్చిన జనం మనం, మనకి అర్థం కాదనడానికి లేదు. జూల్స్ వెర్న్ నవల్లో జలాంతర్గామి నడిపే కెప్టెన్ నీమో మన బుందేల్‌ఖండ్ రాకుమారుడే, 1857లో ఇంగ్లీషోళ్ళ మీద తిరగబడ్డవాడే అని చెప్తే వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. చదవడానికి తెలుగులో ఇంకేమున్నాయి అంకుల్ అనడిగితే నేను చూపించగలిగినవి చాలా తక్కువ. మీ ఆదివారం పుస్తకంలో అత్తాకోడళ్ళ కథలతో పాటు ఒక పేజీ దీనికి ఇవ్వండి. కథ న్యూయార్క్‌లోనే జరగాలని లేదు, 2100లో కోనసీమ ఎలా ఉంటుందో రాయమనండి, సముద్రం మీద తేలే వరి చేలు, గోదావరి వశిష్ట పాయ మీద నడిచే రోబో పంట్లు, ఏదో ఒకటి రాస్తారు.

ఇంకొక్కటి. ఏటా జనవరి 12న భీమవరంలో సైంటిస్టు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి విగ్రహానికి దండేసిన ఫోటో పడుతుంది, మీ పేపర్లోనూ పడుతుంది. ఆయన 1895లో అక్కడ పుట్టారు. ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీ మీద, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మీద, ఇప్పటికీ క్యాన్సర్‌కీ కీళ్ళవాతానికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ మీద ఆయన చేసిన పని ఫోటో కింద రెండు పేరాల్లో రాయండి చాలు, దండేసినవాళ్ళ పేర్ల లిస్టు కాస్త తగ్గించి.

కథల పోటీ ఏదైనా పెట్టేట్టయితే స్కూల్ పిల్లలకి విడిగా పెట్టండి, పెద్దవాళ్ళతో కలపొద్దు. మా చుట్టుపక్కల పిల్లలు రాసినవి నేను పోగుచేసి, చేతిరాత బాలేనివి టైపు చేయించి మరీ పంపుతాను. దసరా సెలవుల ముందు ప్రకటిస్తే వాళ్ళకి రాసుకోడానికి వీలుగా ఉంటుంది.

ఉంటానండి,
ఒక పాఠకుడు, పాలకొల్లు దగ్గర్నుంచి