ఆ 24 పదాలను ఫొటో తీయమనకండి, దయచేసి సవరణ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో తాళంచెవిని ఇంటర్నెట్‌కి దూరంగా దాచే చిన్న డివైస్‌లు, అంటే హార్డ్‌వేర్ వాలెట్ల గురించి అరపేజీ వ్యాసం వచ్చింది. డబ్బంతా క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలో వదిలేయకుండా తాళంచెవి మన చేతిలోనే ఉంచుకోవాలన్నంతవరకు బాగానే రాశారు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ కూలిపోయినప్పుడు ఎంతమంది డబ్బు ఇరుక్కుపోయిందో చూశాక ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ చివర్లో ఒక వాక్యం ఉంది. డివైస్ చూపించే రికవరీ పదాలను కాగితం మీద రాసుకున్నాక, అదనపు జాగ్రత్త కోసం ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసి పెట్టుకోవచ్చు అని. అది చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆ పూటే పేపర్ పక్కన పెట్టి ఫొటో తీసేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో!

అసలు వాలెట్ అన్న పేరే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. అందులో డబ్బు ఉండదండీ. ఎవరి దగ్గర ఎంత బిట్‌కాయిన్ ఉందన్న లెక్క బ్లాక్‌చెయిన్‌లో, అంటే ప్రపంచమంతా ఉన్న వేల కంప్యూటర్లలో ఉంటుంది. ఆ చిన్న డివైస్‌లో ఉండేది సంతకం పెట్టడానికి పనికొచ్చే రహస్య తాళంచెవి. దాన్ని మనిషి చేత్తో రాసుకోగలిగేలా మార్చిన రూపమే 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు. 2013లో వచ్చిన బిప్-39 అనే ప్రమాణం ప్రకారం 2048 పదాల జాబితా ఒకటుంది, చాలా కంపెనీలు అందులోంచే పదాలు తీసుకుంటాయి. డివైస్ పగిలిపోయినా, ఎక్కడో పడిపోయినా, ఈ పదాలుంటే ఇంకో డివైస్‌లో మొత్తం తిరిగి తెచ్చుకోవచ్చు. అదే పదాలు ఇంకొకరి కంటపడితే మాత్రం డివైస్ మన బీరువాలో ఉండగానే డబ్బు పోతుంది. పిన్ అప్పుడు ఏమీ చేయలేదు, అది కాపలా కాసేది ఆ డివైస్‌ని మాత్రమే.

ఇప్పుడు ఫొటో సంగతి. చాలా ఫోన్లు మనం అడగకుండానే ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కించేస్తాయి, అక్కడి నుంచి అదే అకౌంట్‌తో తెరిచిన ప్రతి కంప్యూటర్‌లోనూ, ట్యాబ్‌లోనూ అవి కనబడతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ (దొంగ ప్రోగ్రాం) వివరాలు బయటపెట్టింది. గూగుల్ ప్లేలోనూ యాపిల్ యాప్ స్టోర్‌లోనూ దొరికిన, చూడ్డానికి మామూలుగా ఉన్న యాప్‌లలో అది దాక్కుంది. గ్యాలరీ చూడటానికి అనుమతి అడిగి, ఫొటోల్లో ఉన్న అక్షరాలను చదివి, రికవరీ పదాల్లాంటివి కనబడితే ఆ ఫొటోని దొంగలకు పంపేది. ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచడానికే డబ్బు పెట్టి ఒక డివైస్ కొని, అందులోని గుట్టంతా 24 గంటలూ ఇంటర్నెట్‌లో ఉండే ఫోన్‌లో పెట్టేస్తే ఇంక ఆ డివైస్ కొన్నది దేనికి? మెయిల్ డ్రాఫ్ట్, నోట్స్ యాప్, మనకు మనమే పంపుకున్న మెసేజ్, ప్రింటర్‌లో తీసిన కాపీ, ఇవన్నీ ఫొటో కిందే లెక్క.

మీ వ్యాసంలో అసలే లేని ముఖ్యమైన విషయం ఒకటుంది, రాసుకున్న పదాలు సరిగ్గా ఉన్నాయో లేదో డబ్బు వేయకముందే చూసుకోవడం. ఇది నాకు అనుభవంలో తెలిసింది. నేను మొదటి డివైస్ కొన్నప్పుడు 24 పదాలు శ్రద్ధగా రాసుకున్నాను అనుకున్నాను. పరీక్ష కోసం అతి చిన్న మొత్తం పంపించి, కావాలనే పిన్ మూడుసార్లు తప్పు కొట్టాను. డివైస్ తనంతట తాను మొత్తం చెరిపేసుకుని కొత్తదానిలా తయారైంది. కాగితం చూస్తూ పదాలన్నీ మళ్లీ ఎక్కించాను. చివరి పదం అయ్యాక, ఈ పదాలు సరికావు అని స్క్రీన్ మీద వచ్చింది.

మళ్లీ చేశాను, మళ్లీ అదే. గంటసేపు కాగితాన్ని దీపం దగ్గర పెట్టుకుని ఒక్కో అక్షరం చూస్తూ కూర్చున్నాను. 17వ పదం దగ్గర ఆగాను. నాలుగక్షరాల పదం, ఎల్ తర్వాత ఇరుకుగా ఒక గీత. నేను దాన్ని ఐ అనుకుని 'లివ్' (live) అని చదువుతున్నాను, కానీ తొందరలో సున్నా కలపకుండా వదిలేసిన ఓ అది. అసలు పదం 'లవ్' (love). రెండూ ఆ జాబితాలో ఉన్న పదాలే, అందుకే డివైస్ ఆ ఒక్క పదం దగ్గర అభ్యంతరం చెప్పలేదు. చివరి పదంలో మిగతా పదాలన్నిటినీ సరిచూసే చిన్న లెక్క ఒకటి ఇమిడి ఉంటుంది, దానివల్ల ఎక్కడో తప్పుందని దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది గానీ ఆ తప్పు ఏ పదంలో ఉందో చెప్పదు. ఓ పెట్టి మళ్లీ ఎక్కించగానే నేను పంపిన చిన్న మొత్తం స్క్రీన్ మీద కనబడింది. అప్పటిదాకా నాకు ఊపిరాడలేదు. అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతున్నాను. పదాలు పెద్ద అక్షరాల్లో, వరుస నంబర్లు వేసి రాయండి, చిన్న మొత్తం పంపండి, డివైస్‌ని మీ చేత్తోనే చెరిపేయండి, కాగితం నుంచి తిరిగి తెచ్చుకోండి. అది జరిగాకే అసలు డబ్బు.

మా పిన్ని కొడుక్కి జరిగింది వేరు. వాడు పదాలు చక్కగానే రాసుకున్నాడు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక డివైస్ యాప్ కోసం సెర్చ్ చేసి, మొట్టమొదట కనబడిన ప్రకటన మీద నొక్కి డౌన్‌లోడ్ చేశాడు. రంగులు, గుర్తు, అన్నీ అచ్చం అసలు యాప్ లాగే. కొత్త కంప్యూటర్ కాబట్టి ఒకసారి 24 పదాలు ఎక్కించండి అని వరుసగా 24 గడులు చూపించింది. వాడు ఒక్కొక్కటే కీబోర్డు మీద కొట్టాడు. అరగంటలో వాలెట్ ఖాళీ. ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలియదు, ఎందుకంటే లావాదేవీని వెనక్కి తిప్పే అధికారం ఎవరి దగ్గరా లేదు. ఆ పదాలు కొట్టాల్సింది డివైస్ మీదే, కంప్యూటర్ మీద కాదు, ఫోన్ మీద కాదు, ఏ వెబ్‌సైట్‌లోనూ కాదు. కస్టమర్ కేర్ పేరుతో అడిగినా, అప్‌డేట్ పేరుతో అడిగినా వాళ్లు దొంగలే.

కొనడం దగ్గర కూడా మోసాలున్నాయి. 2020లో ఇలాంటి డివైస్‌లు తయారుచేసే లెడ్జర్ కంపెనీ కస్టమర్ల వివరాలు లీకయ్యాయి, దాదాపు 2,72,000 మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఆ ఏడాది డిసెంబర్‌లో ఇంటర్నెట్‌లో పడ్డాయి. తర్వాతి సంవత్సరం ఆ జాబితాలోని కొందరి ఇళ్లకు పోస్టులో కొత్త డివైస్ వచ్చింది, సీల్ వేసిన డబ్బాలో, మీ పాతది సురక్షితం కాదు కాబట్టి ఇది వాడండి అనే ఉత్తరంతో సహా. తెరిచి చూస్తే లోపల మార్చేసిన నకిలీ. కాబట్టి తయారీదారు సైట్ నుంచో, వాళ్లు ఒప్పుకున్న అమ్మకందారు నుంచో మాత్రమే కొనండి, సెకండ్‌హ్యాండ్ వద్దు. డబ్బాలో పదాలు ముందే అచ్చువేసిన కార్డు వస్తే ఆ డివైస్ ముట్టుకోవద్దు. పదాలు మీ కళ్లముందు ఆ డివైస్ స్క్రీన్ మీదే పుట్టాలి.

డబ్బు పంపేటప్పుడు కంప్యూటర్ స్క్రీన్‌ని నమ్మకండి. మనం కాపీ చేసిన అడ్రస్ (డబ్బు చేరాల్సిన చోటిని చెప్పే పొడవాటి అక్షరాల వరుస) స్థానంలో దొంగ అడ్రస్ పెట్టే మాల్వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరేనంటే కూడా చాలదు. అలాగే మొదలై అలాగే ముగిసే అడ్రస్ తయారుచేసి మన పాత లావాదేవీల్లో కనబడేలా పెడతారు. 2024 మేలో ఒకాయన అలాంటి అడ్రస్‌ని కాపీ చేసి దాదాపు 7 కోట్ల డాలర్ల విలువైన 1155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (బిట్‌కాయిన్ విలువతోనే వేరే బ్లాక్‌చెయిన్‌లో నడిచే టోకెన్లు) పంపేశాడు. ఆ దొంగ తర్వాత చాలావరకు తిరిగిచ్చాడు, కానీ అలాంటి అదృష్టం అందరికీ పట్టదు. డివైస్ స్క్రీన్ మీద వచ్చే అడ్రస్‌ని మొత్తం చదవండి, కళ్లు నొప్పి పుట్టినా సరే.

స్క్రీన్ మీద అర్థంకాని కోడ్ మాత్రమే కనబడితే బటన్ నొక్కకండి. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ అనే క్రిప్టో పోయింది. అక్కడ సంతకం పెట్టినవాళ్ల చేతుల్లో హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి. కానీ కంప్యూటర్‌లోని వెబ్ పేజీ రోజూ చేసే లావాదేవీలానే చూపించింది, డివైస్ మీద లోపల ఏముందో చదవగలిగే వీలు లేదు, నమ్మి ఓకే నొక్కారు. దాన్నే గుడ్డి సంతకం అంటారు. అంత పెద్ద సంస్థలో, అంతమంది కలిసి ఆమోదించే చోటే ఇలా జరిగిందంటే ఇంట్లో ఒంటరిగా కూర్చుని నొక్కే మనం ఇంకెంత నిదానంగా ఉండాలి?

25వ పదం అని కొందరు చెప్పే పాస్‌ఫ్రేజ్, అంటే ఆ 24 పదాలకు తోడు మనమే పెట్టుకునే రహస్య పదం, కొత్తవాళ్లకు నేను సిఫారసు చేయను. ఒక్క అక్షరం తేడా కొడితే తప్పు అని చెప్పదు, నిశ్శబ్దంగా వేరే ఖాళీ వాలెట్ తెరుస్తుంది, మరిచిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. కాగితానికి నిప్పు, నీరు రెండూ శత్రువులే కాబట్టి మొత్తం పెద్దదైతే పదాలను స్టీలు రేకు మీద చెక్కించుకోకుండా మీరే చెక్కుకోండి. అది ఎక్కడుందో ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా తెలియాలి.

ఎడిటర్ గారూ, మీ వ్యాసం చూసి ఇప్పటికే ఫొటో తీసినవాళ్లకు డిలీట్ చేయండి అని చెబితే సరిపోదు, అది ఎక్కడెక్కడికి వెళ్లిందో వాళ్లకే తెలియదు. వాళ్లు చేయాల్సింది ఇది. పాత పదాల కాగితం చేతిలో ఉందని, సరిగ్గా ఉందని చూసుకోవాలి. వీలైతే ఇంకో డివైస్‌లో కొత్త పదాలు పుట్టించి, వాటిని పరీక్షించి, డబ్బంతా ఆ కొత్త అడ్రస్‌కి మార్చుకోవాలి. రెండో డివైస్ లేకపోతే డబ్బును కొద్దిసేపు వేరే వాలెట్‌లో పెట్టి, ఉన్న డివైస్‌నే చెరిపి కొత్త పదాలతో మళ్లీ మొదలుపెట్టి, తిరిగి తెచ్చుకోవాలి. పాత పదాలతో ఇంక పని పెట్టుకోకూడదు. దయచేసి ఈ నాలుగు ముక్కలు, ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో, వచ్చే ఆదివారం దాకా ఆగకుండా వేయండి.

ఇట్లు,
మీ పత్రిక రోజూ చదివే ఒక పాఠకుడు