కొబ్బరాకు ఊగే గాలి చాలదు

సంపాదకులు గారికి,

మొన్న అర్ధరాత్రి కరెంటు పోయి చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి, రొయ్యలు గట్టు పక్కకి తేలుతుంటే టార్చి వేసుకుని డీజిల్ ఇంజన్ దగ్గరికి పరిగెత్తాం. పైన చూస్తే కొబ్బరాకులు మాత్రం జోరుగా ఊగుతున్నాయి. ఇంత గాలి ఉండగా గాలిమరలు అనంతపురం, కర్నూలు వైపే ఎందుకని మా గట్టు మీద రోజూ వాదన.

నేనూ అదే అనేవాణ్ణి, కానీ లెక్క వేరండి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది, అంటే వేగం సగమైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. సెకనుకు 3, 4 మీటర్ల గాలి వీస్తేనే మర కరెంటు ఇవ్వడం మొదలెడుతుంది, సుమారు 25 దాటితే (మన తుపాను గాలి) రెక్కల వాలు మార్చుకుని తనే ఆగిపోతుంది. పెద్ద రెక్కలు నిమిషానికి పది పదిహేను చుట్లే తిరుగుతాయి, చాలా మరల్లో గేర్‌బాక్స్ దాన్ని వెయ్యి దాటించి జనరేటర్‌కిస్తుంది. ఆ తర్వాతది పాత సైకిల్ డైనమో కథే, అయస్కాంతం, రాగి తీగచుట్ట.

అందుకే అడుగుతున్నా, అంతర్వేది తీరంలో మర రెక్కలు తిరిగే వంద మీటర్ల ఎత్తున ఏ నెలలో ఎంత గాలి వీస్తుందో ఆ కొలతలు మీ పేపర్లో వేయండి.

- ఒక రొయ్యల రైతు, రాజోలు